అతని మోకాలి సంగతి

మూడేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక మనిషి మోకాలికి సంబంధించింది. నవ్వొస్తే నవ్వండి. మొదట్లో నాకూ ఇదేమంత పెద్ద విషయమా అనిపించేది. ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. చెప్పకూడని ఒక మాట చెప్పాను. తర్వాత చెప్పాల్సిన ఒక మాట చెప్పలేదు. ఈ రెండింటి మధ్య ఒక మనిషి బతుకు నలిగిపోయింది.

పైవాడికి చాలాసార్లు చెప్పుకున్నాను. ఆయనకు ముందే తెలుసు కాబట్టి అందుకు పెద్ద ధైర్యమేమీ అక్కర్లేదు. మనిషికి చెప్పడం వేరు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. నా పేరు రాయను. ఆసుపత్రి పేరూ, ఆ జట్టు పేరూ రాయను. ఇది కూడా పిరికితనమేనా? అయి ఉండొచ్చు. ఉన్నంత ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

మాది కడప జిల్లా. సౌదీలో, దమ్మామ్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎమ్మారై టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, గుండ్రటి గొట్టంలోకి పంపి, అద్దం ఇవతల కూర్చుని లోపలి బొమ్మలు తీసే పని. పెళ్ళయింది, ఒక కూతురు. ఇద్దరూ ఊళ్ళోనే ఉంటారు. ఇక్కడ కుటుంబం పక్కన లేని మగవాణ్ణి, వాడికి మనవలున్నా సరే, బ్యాచిలర్ అనే అంటారు. నాకు కంపెనీ ఇచ్చిన గది ఉంది. కిటికీ తెరిస్తే ఎదుటి బిల్డింగు ఏసీల వెనకభాగాలు కనిపిస్తాయి. మా ఆవిడ రోజూ ఫోన్ చేస్తుంది. తిన్నావా, తిన్నాను. ఏం తిన్నావు, ఫలానా. పాప బాగుందా, బాగుంది. మూడు నిమిషాల్లో అయిపోతుంది. మా మధ్య గొడవలేమీ లేవు. చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు, అంతే.

ఇక్కడ అందరూ నన్ను సదీక్ అని పిలుస్తారు. స్నేహితుడా అని దానర్థం. పేరు తెలుసుకోవాల్సిన అవసరం లేని పనివాణ్ణి పిలవడానికి వాడతారు. రోజుకు యాభైసార్లు స్నేహితుడా అనిపించుకుని, గదికి వచ్చి, గోడ వైపు తిరిగి ఒక్కణ్ణే అన్నం తినేవాణ్ణి.

ఇక అతని సంగతి. అతన్ని మూసా అంటాను. అసలు పేరు అది కాదు. సెనెగల్ నుంచి వచ్చిన బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఇక్కడి ప్రొఫెషనల్ లీగులో ఒక క్లబ్బు అతన్ని ఆ సీజన్‌కు తెచ్చుకుంది. మనిషి ఎంత పొడుగంటే మా బల్ల చాలేది కాదు, పాదాలు బయటికి వేలాడేవి. మొదటిసారి భుజం నొప్పితో వచ్చాడు. భుజానికి తల కూడా గొట్టంలోకి పోతుంది. భయమేస్తే నొక్కమని చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెడతాం. రెండు నిమిషాలకే నొక్కేశాడు. బయటికి లాగితే ఒళ్ళంతా చెమట. సిగ్గుపడుతూ, నేను మైకులో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే పడుకుంటానన్నాడు. ఏం మాట్లాడను? నా ఇంగ్లీషు ఊపిరి తీసుకో, కదలొద్దు దగ్గర ఆగిపోతుంది. ఏ భాషైనా ఫరవాలేదన్నాడు.

అప్పుడు తెలుగులో ఉగ్గాని ఎట్లా చేయాలో చెప్పాను. బొరుగులు నీళ్ళలో ముంచి గట్టిగా పిండాలి. ఉల్లిగడ్డలు ఎర్రగా వేగనివ్వకూడదు. పుట్నాలపొడి ఆఖర్న చల్లాలి. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే ఆ ఉగ్గాని తిన్నా ఒకటే తినకపోయినా ఒకటే. ఇట్లా ఇరవై నిమిషాలు చెప్పాను. ఈ దేశం వచ్చిన అన్నేళ్ళలో నేను ఆగకుండా అంతసేపు తెలుగు మాట్లాడింది అదే. అతను బుడ్డి నొక్కలేదు. బయటికి వచ్చాక, అది తిండి గురించే కదా అని అడిగాడు. గొంతును బట్టి తెలిసిపోయిందట.

అప్పుడే నా పేరు అడిగాడు. రెండుసార్లు పలికి సరిచేసుకున్నాడు. ఆ తర్వాత ఫిజియోథెరపీకి వచ్చినప్పుడల్లా తలుపు తీసి, తల వంచి, నన్ను పేరు పెట్టి పిలిచి వెళ్ళేవాడు. రెండు మూడుసార్లు సాయంత్రంపూట అసర్ నమాజు పక్కపక్కనే చేశాం. సజ్దాలో నేలకు వంగితే అతని నుదురు చాప దాటిపోయేది. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అతను నాకు ముక్కూ మొహం తెలియని రోగి కాదని మీకు తెలియాలి. ఈ దేశంలో నా పేరుతో నన్ను పిలిచినవాళ్ళలో అతనొకడు.

అతని కోసం ఆట నేర్చుకున్నాను. మొదట్లో బంతి గంపలో పడితే రెండు, దూరం నుంచి పడితే మూడు అన్నంత వరకే తెలిసేది. తర్వాత ఒక ఫిలిప్పీన్స్ సహోద్యోగి ఫోన్లో ఒక సైటు చూపించాడు. పెద్ద పేరున్నదేమీ కాదు. ఫలానా జట్టు ఫలానా ఆట గెలుస్తుందా అని అక్కడ ప్రశ్న ఉంటుంది. అవును, కాదు, రెండింటికీ టికెట్లు అమ్ముతారు. గెలుస్తుందనే టికెట్టు అరవై ఎనిమిది దగ్గర ఉందంటే, నూటికి అరవై ఎనిమిది పాళ్ళు గెలుస్తుందని జనం నమ్మకం. అందరూ కొంటే అంకె పెరుగుతుంది, అమ్ముకుంటే పడుతుంది. పేరు ఏదైనా అది జూదమే. ఈ దేశం చట్టంలోనూ కుదరదు, దీన్‌లో, అంటే మా మతంలోనూ కుదరదు.

నేను ఒక్క టికెట్టు కూడా కొనలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నా తప్పంతా దీని వెనకే దాక్కుంది. జూదం ఆడలేదు కాబట్టి నేను శుద్ధంగా ఉన్నాననుకున్నాను. మా నాన్న చిన్నప్పుడు పేకముక్క ముట్టుకుంటే చేతులు విరుస్తాననేవాడు. ముట్టుకోలేదు. నోటి గురించి ఆయన ఏమీ చెప్పలేదు.

నాకు కావాల్సింది డబ్బు కాదు. ఆ అంకె కింద ఒక చాట్ ఉండేది. ఎక్కడెక్కడివాళ్ళో, ఏదో ఒకటి వాదించుకుంటూ, తిట్టుకుంటూ, జోకులేసుకుంటూ ఉండేవాళ్ళు. పిలవని పేరంటానికి పోయినట్టు నేనూ అందులో చేరాను. అప్పుడప్పుడు ఏదైనా రాసేవాణ్ణి. మూసా ఈ రోజు బాగా ఎగిరాడు అనో, కోచ్ అతన్ని ఆలస్యంగా దింపాడు అనో. ఎవరూ జవాబిచ్చేవాళ్ళు కాదు. నా మాట కింద ఇంకెవరిదో మాట వచ్చి పడేది. అయినా భోజనం చేస్తూ ఆ చాట్ చూస్తూ ఉంటే గదిలో మనుషులున్నట్టు ఉండేది.

ప్లేఆఫ్స్ వచ్చాయి. సెమీఫైనల్లో చెరొక ఆట గెలిచారు, మూడోది ఎల్లుండి. మూసా జట్టు అరవై ఎనిమిది దగ్గర ఉంది. ఆ మధ్యాహ్నం మూసా కుంటుతూ వచ్చాడు. ప్రాక్టీసులో కాలు మెలిపడిందట. చిన్న వాపే, ముందుజాగ్రత్తకు తీయించుకో అని క్లబ్బు ఫిజియో పంపాడట. మోకాలికి పాదాల వైపు నుంచి లోపలికి పంపుతాం, తల బయటే ఉంటుంది. అద్దంలోంచి నేను అతనికి కనిపిస్తాను. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

బొమ్మ వచ్చింది. మోకాలి మధ్యలో నల్లటి పట్టీలా కనిపించాల్సిన లిగమెంటు అక్కడ లేదు. చివికిన గుడ్డపేలికలాంటిది కనిపించింది. ఇట్లాంటివి వందలు చూశాను. డాక్టర్ చెప్పక్కర్లేదు. ఇతను ఎల్లుండి కాదు, ఏడాది వరకూ ఆడడు.

మా పనిలో ఒక నియమం ఉంది. టెక్నీషియన్ రోగికి ఏమీ చెప్పకూడదు. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, చెప్పేది డాక్టరు. రేడియాలజిస్టు మరునాడు పొద్దున గానీ రాడు. నిక్కరు సర్దుకుంటూ బల్ల మీద కూర్చున్న మూసా నన్ను చూసి, తెగిందా అని అడిగాడు. రిపోర్టు డాక్టర్ ఇస్తాడన్నాను. డాక్టర్ని కాదు నిన్ను అడుగుతున్నాను, అద్దంలో నీ మొహం చూశాను అన్నాడు. నాకు చదవడం రాదు, బొమ్మలు తీసేవాణ్ణి మాత్రమే అని చెప్పాను. అతను, సరే, ఇన్షాఅల్లా ఏమీ ఉండదు అన్నాడు. బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. ప్రతి స్కాన్ తర్వాతా చేస్తాడు. ఏమీ లేదని చెప్తున్నాడని గొంతును బట్టి నాకూ తెలిసింది. నవ్వుతున్నాడు.

అతను వెళ్ళిన పది నిమిషాలకు నేను టీ తెచ్చుకుని కూర్చుని, ఆ చాట్‌లో రాశాను. మూసా ఆడడు అని.

ఎందుకు రాశాను? మూడేళ్ళుగా ఇదొక్కటే అడుక్కుంటున్నాను. గుండెలో బాధ తట్టుకోలేక ఎవరితోనైనా చెప్పుకున్నానా? అట్లా అనుకుంటే బాగుంటుంది. కొన్నాళ్ళు అట్లాగే అనుకున్నాను కూడా. కానీ అది నిజం కాదు. మొదట ఎవరో, నీకెలా తెలుసు అని అడిగారు. ఆ చాట్‌లో నాకు వచ్చిన మొదటి ప్రశ్న అది. బొమ్మ తీసింది నేనే అని రాశాను. తర్వాత ఒకటే వాన. ఏ కాలు, ఎంత తెగింది, నిజమేనా, అన్నా నువ్వు దేవుడివి అంటూ. నేను జవాబులు ఇస్తూ పోయాను. కుడి మోకాలు, పూర్తిగా, నిజమే. అరవై ఎనిమిది ఉన్న అంకె అరవైకి వచ్చింది. నలభై ఏడు. టీ సగం తాగేసరికి ముప్పై మూడు. నేను ఒక మాట అంటే ఎక్కడెక్కడో మనుషులు ఉలిక్కిపడి అమ్ముకుంటున్నారు. నేను సంతోషపడ్డాను. దీన్ని ఇంకో మాటతో కప్పను. ఒళ్ళు పులకరించేంత సంతోషపడ్డాను.

ఆ మోకాలు ఉన్న మనిషే అడిగితే చెప్పలేదు. నియమం అన్నాను. పది నిమిషాల్లో లోకానికంతా చెప్పాను. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా ఊళ్ళో ముసలమ్మకైనా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. దాటాలనే చెప్పాను.

సాయంత్రానికి భయం పట్టుకుంది. రాసినవన్నీ చెరిపేశాను, ఆ అకౌంటే తీసేశాను. అంకెను మాత్రం చెరపలేను కదా.

మరునాడు పొద్దున ప్రాక్టీసుకు వెళ్ళే బస్సులో ఒక తోటి ఆటగాడు మూసాకు ఫోన్ చూపించి, నీ మోకాలు పోయిందటగా, మాకెందుకు చెప్పలేదు అని అడిగాడట. తన కాలి సంగతి మూసాకు అట్లా తెలిసింది. మా డాక్టర్ రిపోర్టు ఆ తర్వాత గంటకు వచ్చింది. అప్పటికే క్లబ్బువాళ్ళు లెక్క కట్టేశారు. రిపోర్టు రాకముందే బయట టికెట్ల ధర పడిపోయింది. అంటే ఎవరో చెప్పారు. బొమ్మ తీసింది నేనే అని నేను రాసిన ముక్క చెరిగిపోయింది, వాళ్ళ దాకా రాలేదు. తన కాలు తనకే కదా ముందు తెలిసేది, ఇతనే తన మనుషులకు చెప్పి జూదంలో సంపాదించుకున్నాడు అన్నారు. ఆట ఓడిపోయారు. నేను చూడలేదు. ఓడిన కోపం కూడా వెళ్ళి అతని మీదే పడింది.

క్లబ్బు మా ఆసుపత్రినీ అడిగింది. మేనేజరు మమ్మల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచాడు. రోగి సంగతి బయటపెట్టినవాడికి ఇక్కడ ఉద్యోగం ఉండదు, లైసెన్సు ఉండదు, విమానం ఎక్కించేస్తారు. మా ఆవిడ మొహం, పాప స్కూలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇది సాకు కాదు, నిజంగానే తిరిగాయి. సాకులన్నీ నిజాలతోనే కదా చేస్తాం. మేనేజరు అడిగితే, స్కాన్ అయ్యాక రోగి డ్రెస్సింగ్ రూములో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు, నేను విన్నాను అని చెప్పాను. ఏం మాట్లాడాడు అన్నాడు. వాళ్ళ భాష, నాకు అర్థం కాదు అన్నాను. కాగితం మీద అదే రాసి సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అతను వాళ్ళమ్మతో మాట్లాడాడన్న ముక్క ఒక్కటే రాయలేదు.

మా డిపార్టుమెంటులో సుగుణక్క అని నర్సు ఉంది, గుంటూరు వైపు మనిషి. ఆమెనూ పిలిచారు. బయటికి వచ్చి నా దగ్గరికే వచ్చింది.

"ఆ పొడుగబ్బాయి అలాంటోడు కాదు తమ్ముడూ. నీతో బాగా ఉంటాడుగా, నువ్వన్నా ఒక మాట చెప్పరాదూ?"

"నాకేం తెలుసుక్కా. నేను బటన్ నొక్కేవాణ్ణి అంతే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారని చెప్తారు. నేను తడుముకోలేదు. అంత బాగా నేర్చుకున్నాను. సుగుణక్క ఇప్పటికీ నాతో మామూలుగానే ఉంటుంది. ఆమె మామూలుగా ఉన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు ముడుచుకుపోతుంది.

క్లబ్బు మూసా కాంట్రాక్టు రద్దు చేసింది. ఆపరేషన్ ఇక్కడే వాళ్ళ ఖర్చుతో జరగాల్సింది, దాన్నీ ఆపేశారు. దేశం వదిలి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టారు. వెళ్ళేముందు స్కాన్ సీడీ తీసుకోవడానికి వచ్చాడు, రెండు చంకకర్రల మీద. కౌంటరులో ఇచ్చి పంపేయొచ్చు. అతను నన్నే వెతుక్కుంటూ వచ్చాడు. తలుపు దగ్గర తల వంచి, పేరు పెట్టి పిలిచాడు. నేను లేచి నిలబడ్డాను. కూర్చోమనలేదు. కూర్చుంటే ఎక్కువసేపు ఉంటాడని.

"నేనే చెప్పానంటున్నారు," అన్నాడు. "నాకే తెలియంది నేనెలా చెప్తాను?"

నేను సీడీ కవరు మీద పేరు సరిచూస్తున్నట్టు తల వంచుకున్నాను.

"ఆ రోజు నిన్ను అడిగాను కదా. తెగిందా అని. నాకు తెలియదని తెలిసినవాడివి ఈ ఊళ్ళో నువ్వొక్కడివే. వాళ్ళకు ఆ ఒక్క మాట చెప్తావా? ఆపరేషన్ కోసం కాదు. దొంగ అని రాసిన కాగితంతో ఇంటికి పోలేను."

"చెప్తాను," అన్నాను.

చెయ్యి కలిపి, ఆ చెయ్యి గుండె మీద పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా మీద అతనికి అనుమానం ఉందా? ఆ చూపులో వెతుకుతూనే ఉన్నాను. ఉంటే బాగుండేదని కూడా అనిపిస్తుంది. నాకు దొరికింది నమ్మకం మాత్రమే.

అతని విమానం గురువారం. అతను సీడీ తీసుకెళ్ళిన మంగళవారం నుంచి గురువారం దాకా మేనేజరు గది ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో. నా పేరు బయటపెట్టుకోకుండానే చెప్పొచ్చు. రోగి నన్ను అడిగాడు సార్, అతనికి తెలియదు అంటే చాలు. కానీ అట్లా అంటే, మరి ఎవరికి తెలుసు అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు, అద్దం ఇవతల కూర్చున్న నేనొక్కణ్ణే. ఒకసారి తలుపు మీద చెయ్యి కూడా వేశాను. లోపల ఎవరో ఉన్నారన్న వంకతో వెనక్కి వచ్చాను. నిజానికి లోపల మాటలేమీ వినిపించలేదు.

గురువారం మధ్యాహ్నం విమానాశ్రయం నుంచి అతని మెసేజ్ వచ్చింది. నువ్వు చెప్పి ఉంటావు, వాళ్ళు విని ఉండరు, బాధపడకు, ప్రయత్నించినందుకు అల్లా నీకు మేలు చేయాలి అని. నేను దాన్ని చదివి, జవాబుగా గుండె బొమ్మ ఒకటి పంపాను. సరిగ్గా చదివారు. గుండె బొమ్మ పంపాను.

తర్వాత కొన్ని నెలలకు ధైర్యం చేసి ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. మూడు సీజన్లుగా ఏ జట్టు జాబితాలోనూ అతని పేరు లేదు. ఆపరేషన్ అయిందో లేదో తెలియదు. వాళ్ళమ్మకు ఏం చెప్పుకున్నాడో తెలియదు. నేను అదే కుర్చీలో ఉన్నాను. రోజూ ఎవరో ఒకరు బల్ల దిగుతూ నా మొహం చూసి, ఏముందని అడుగుతారు. డాక్టర్ చెప్తారు అంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు, ఆ హక్కు ఉన్నవాడు నాకు దొరకడు. ఆ రోజు మేనేజరు కాగితం మీద రాయాల్సింది మాత్రం ఇక్కడ రాస్తాను.

స్కాన్ అయ్యాక రోగి తన మోకాలు తెగిందా అని నన్ను అడిగాడు. నేను చెప్పలేదు. కాబట్టి అతనికి తెలియదు. అతను ఫోన్లో మాట్లాడింది వాళ్ళమ్మతో, ఏమీ కాలేదని. అతనికి తెలియకముందే బయటివాళ్ళకు చెప్పింది నేను. అడిగినవాళ్ళు ఎవరూ లేకపోయినా చెప్పాను. అతను దొంగ కాదు.

మూడేళ్ళ తర్వాత, అతను చదవలేని భాషలో, అతనికి ఎందుకూ పనికిరాకుండా రాశాను. అయినా రాశాను. ఊపిరి ఇవాళ కిందిదాకా ఆడుతోంది.